ఒక కర్నలుకి ఒక కర్నలు

సాన్ ఎలోయ్, తిలాపా నది ఉత్తరపు ఒడ్డు
మార్చి 9

అక్కా,

ఉభయ కుశలోపరి అని మొదలుపెట్టబోతే కాన్సలేటు గుమాస్తా నా చెయ్యి ఆపాడు. యుద్ధకాలంలో ఉభయుల క్షేమం కోరడం నేరమట, రాసేవాళ్ళ పక్షం క్షేమం ఒక్కటే కోరాలట. కాబట్టి ఇక్కడ నేను క్షేమం. నీ క్షేమం సంగతి మీ ప్రభుత్వం చూసుకుంటుంది.

మొన్న మంగళవారం పొద్దున ఆయన పన్నెండు మంచుదిమ్మెలు పడవలో వేసుకుని, పైన రంపపు పొట్టు కప్పి, ఎప్పటిలాగే మీ పుయెర్తో గాలిందో రేవుకి అమ్మకానికి వచ్చారు. పదకొండింటికి ఇక్కడ చర్చి గంటలు మోగాయి. ఎవరు పోయారోనని బయటికి వస్తే యుద్ధం ప్రకటించారన్నారు. నది మధ్య ఎద్దుమూపు దిబ్బ మీద మీవాళ్ళు జెండా పాతారట. ఏడాదిలో మూడు నెలలు నీళ్ళ పైన, తొమ్మిది నెలలు నీళ్ళ కింద ఉండే ఇసకమేట అది. దాని కోసం కొంగలు కూడా కొట్టుకోవు.

ఒడ్డుకి పరిగెత్తాను. నువ్వు అవతల దిండుగలీబులు ఆరేస్తున్నావు. పిలవబోతే సిపాయి అడ్డం వచ్చాడు. "అమ్మా, శత్రువుతో మాట్లాడకూడదు" అన్నాడు. "అది మా అక్క నాయనా" అన్నాను. "అక్కయినా సరే, ఆవిడిప్పుడు శత్రువే" అన్నాడు. పోనీ తువాలు ఊపుతానంటే, తెల్లగుడ్డ ఊపితే దేశం మొత్తం లొంగిపోయినట్టు లెక్కట.

అందుకని ఈ ఉత్తరం తటస్థ దేశపు కాన్సలు గారి సంచీలో వేస్తున్నాను. దాన్ని ఎవరూ విప్పి చూడకూడదట. ఓడెక్కి వాళ్ళ రాజధానికి పోయి, అక్కణ్ణించి చుట్టు తిరిగి నీకు చేరడానికి ఇరవై రోజులు. ఈల వేస్తే వినపడే దూరానికి ఇరవై రోజులు పడుతుంది.

అక్కా, ఆయన ఇంకా ఇంటికి రాలేదు. ఎక్కడున్నారో కనుక్కో. ఇంకో మాట, నీకు తప్ప ఎవరికీ తెలియదు. నాకు మూడో నెల. పదకొండేళ్ళ తరవాత. ఆ మంగళవారం సాయంత్రం నా నోటితోనే చెబుదామని దాచుకున్నాను. నువ్వు చెప్పకు. మనిషిని పంపించు చాలు.

నీ చెల్లెలు,
ఎల్విరా

*

పుయెర్తో గాలిందో
ఏప్రిల్ 1

ఎల్విరా,

నీ ఉత్తరం చదివి గుమ్మంలోనే కూలబడి ఏడ్చాను. సంతోషంతోనేలే. మాకా భాగ్యం లేకపోయింది, నీకైనా కలిగింది. ఎవరికీ చెప్పను, ఒట్టు.

లిసాంద్రో మా వెనక గదిలోనే ఉన్నాడు. గుండ్రాయిలా ఉన్నాడు, బెంగపడకు. ఆ రోజు రేవులో మీ బావగారే ఎదురెళ్ళి, "ఎండలో ఎందుకయ్యా, లోపలికి రా, కాఫీ తాగి పోదువుగాని" అన్నారు. కాఫీ సగంలో ఉండగా తంతి వచ్చింది, యుద్ధమని. మీ బావగారు ఈ రేవు దండుకి కర్నలు కదా, తంతి చదివి ఇబ్బందిగా మొహం పెట్టి, "లిసాంద్రో, ఏమీ అనుకోకు, నువ్వు ఖైదీవి. కాఫీ పూర్తి చెయ్యి" అన్నారు.

అంతవరకు బాగానే ఉంది. అసలు చిక్కు ఫారంతో వచ్చింది. ఖైదీ హోదా అని ఒక గడి ఉంది, ఖాళీగా వదలకూడదు. "ఐసు అమ్ముకునే మనిషి అని రాయండి, ఉన్నదే కదా" అన్నాను.

"యుద్ధం మొత్తానికి దొరికింది ఒక్కడు. వాడూ ఐసువాడేనంటే రాజధానిలో పొట్ట చెక్కలయ్యేలా నవ్వుతారు. నా పరువేం కాను?" అన్నారు.

లెఫ్టినెంటు అని రాశారు. రాజధానిలో రక్షణ శాఖ కెప్టెన్ని చేసింది. పత్రికలవాళ్ళు కర్నల్ని చేశారు. ఇప్పుడు మాకు కర్నలు దొరికాడని మూడు రోజులు బ్యాండు మేళం. నీ మంచుదిమ్మెల్ని కూడా యుద్ధసామగ్రి అని రాసుకున్నారు. తనిఖీ అధికారి వచ్చి చూస్తే తడి పొట్టు తప్ప ఏమీ లేదు. శత్రువు ఆయుధాలు తమంతట తామే మాయమవుతాయని నివేదిక పంపాడు.

నెల తిరక్కుండా ఇంటికి వస్తాడు. కంగారు పడకు, బరువులెత్తకు.

నీ అక్క,
హెర్మీనియా

*

సాన్ ఎలోయ్
ఏప్రిల్ 24

అక్కా,

బావగారి చెయ్యి విరగ. కోపం కాదులే, కానీ ఆ గడిలో ఒక్క గీత గీసి వదిలేస్తే ఏం పోయేది?

మీ పత్రిక మా రాజధానికి చేరింది. వీళ్ళేనా కాదనాల్సింది. కాదంటే, మా దేశం నుంచి పట్టుబడ్డ ఒకే ఒక్కడు ఐసువాడని ఒప్పుకున్నట్టు. అది సిగ్గుచేటట. మంత్రిత్వ శాఖ నుంచి సెపుల్వెదా అనే ఆయన కళ్ళజోడు తుడుచుకుంటూ మా వంటింట్లోకి వచ్చి కూర్చున్నాడు.

"మీ వారు ఏ యుద్ధవిద్యలో దిట్ట?"

"కోడిని కొయ్యాలంటే పక్కింటావిణ్ణి పిలుస్తారండీ."

ఆయన కాయితం మీద రాసుకున్నాడు: అనవసర రక్తపాతానికి విముఖుడు. వారం తిరిగేసరికి గెజెట్టులో పడింది, ఆయన కర్నలేనని. నాకొక పతకం పంపారు. దాన్ని ఎక్కడ తగిలించాలో తెలియక ఉల్లిపాయల బుట్ట దగ్గర పెట్టాను.

సంధి మాటలు మొదలయ్యాయి. నది మధ్యలో తటస్థ దేశపు పడవ లంగరు వేసింది. దానికి రెండు పక్కలా రెండు నిచ్చెనలు. ఇద్దరు నాయకులూ ఒకే క్షణంలో అడుగు పెట్టాలి, ఎవరు ముందెక్కినా రెండోవాళ్ళకి అవమానం. మా నాయకుడికి మోకాలి నొప్పి. ఈయన ఎక్కేదాకా మీ నాయకుడు ఒంటికాలి మీద నిలబడాలి. శుక్రవారం మీ నాయకుడి కాలు తిమ్మిరెక్కి నీళ్ళలో పడ్డాడు. లెక్క సమం చెయ్యడానికి మా నాయకుడు బూట్లు విప్పి, ముక్కు మూసుకుని తనూ దూకాడు. రోజూ పడవకి మంచు వేసేది నేనే కదా, ఇవన్నీ కళ్ళారా చూస్తున్నాను.

దిబ్బ తగువు ఒక్క పూటలో తేలిపోయింది. దిబ్బ ఉన్నప్పుడు ఇద్దరిదీ, లేనప్పుడు ఎవరిదీ కాదు. తేలనిది తొమ్మిదో అధికరణం. ఖైదీల మార్పిడి తలకి తల, హోదాకి హోదా జరగాలట. మాకు కర్నల్ని తిరిగివ్వాలంటే మేమూ ఒక కర్నల్ని ఇవ్వాలి. మా దగ్గర ఖైదీ అంటూ ఒక్క పిల్లి కూడా లేదు.

నాలుగున్నర నెలలు, అక్కా. పావడా బిగుతైంది.

ఎల్విరా

*

పుయెర్తో గాలిందో
మే 16

చెల్లీ,

ఈ మాట ఎలా రాయాలో తెలియక రెండు కాయితాలు చింపాను.

మా సైన్యంలో నలభై ఒక్కమంది జనరళ్ళు ఉన్నారు. కర్నలు మాత్రం ఒక్కడే. మిగతావాళ్ళంతా ఎవర్నో ఒకర్ని పట్టుకుని పైకెక్కారు, మీ బావగారికి ఆ తెలివి లేదు. అంటే మార్పిడికి ఎవరు కావాలో నీకు అర్థమయ్యే ఉంటుంది. ఆ సంగతి తెలిసినప్పటినుంచి ఆయన మంచమెక్కారు. "ముప్ఫై ఏళ్ళ నౌకరీలో వెన్ను చూపలేదు, ఇప్పుడు పిలిచి పట్టుబడమంటారా" అని గోడవైపు తిరిగి పడుకుంటున్నారు. యుద్ధమే లేని నౌకరీలో వెన్ను ఎవరికి చూపుతారని నేననలేదు. కాపురం చెయ్యాలి కదా.

ఇంకోటి. లిసాంద్రో మునుపటి మనిషి కాడు. మీవాళ్ళు కాన్సలు ద్వారా పంపిన యూనిఫాం వేసుకుంటున్నాడు. పొద్దున్నే మా పద్నాలుగు మంది సిపాయిల్నీ వరసలో నిలబెట్టి బొత్తాలు సరిచూస్తున్నాడు. వాళ్ళూ నిలబడుతున్నారు, కర్నలు కర్నలే కదా అని. సాయంత్రాలు మీ బావగారి మంచం పక్కన కూర్చుని డామినోలు ఆడుతూ, "కర్నలు గారూ, మీ వంతు" అని వీడంటే, "చిత్తం కర్నలు గారూ" అని ఆయనంటారు. మొన్న ఒప్పందం చిత్తుప్రతి చూపిస్తే, తొమ్మిదో అధికరణంలో వాక్యం తన గౌరవానికి తగ్గట్టు లేదని పెదవి విరిచాడు.

ఎల్విరా, నువ్వు ఏమీ అనుకోనంటే అడుగుతాను. ఆ మంగళవారం పొద్దున మీరిద్దరూ ఏమైనా మాట మాట అనుకున్నారా? ఇంటి మీద ధ్యాస ఉన్న మనిషిలా లేడు.

హెర్మీనియా

*

సాన్ ఎలోయ్
జూన్ 8

హెర్మీనియా,

మాట మాట అనుకున్నాం. పదకొండేళ్ళలో ఎవరనుకోరు? కప్పు కారుతోంది, బాగు చెయ్యమన్నాను. రేపు చూస్తానన్నారు. ఆ రేపు ఇంకా రాలేదు. వానలు మాత్రం వచ్చాయి. తెల్లవార్లూ గిన్నెలు మార్చుకుంటూ కూర్చుంటున్నాను. ఆయనేమో అక్కడ అధికరణాలకి వంకలు పెడుతున్నారు.

నీ వంట అంత రుచిగా ఉంటే కాస్త ఉప్పు ఎక్కువెయ్యి. నువ్వు మెత్తటి అరటికాయ వేపుళ్ళూ కొబ్బరిపాల చేపలూ వండి పెడుతుంటే ఏ మొగాడికి దేశం గుర్తొస్తుంది? నేను ఆరో నెల కడుపుతో దిమ్మెలు లాగుతున్నాను. నిన్న పడవలో సంధి మాటలవాళ్ళ ముందే కళ్ళు తిరిగి పడిపోయాను. రెండు పక్షాలూ లేచి నాకు కుర్చీ వెయ్యబోయాయి. ఎవరి కుర్చీ వెయ్యాలో తేలక అరగంట చర్చించాయి. నేను నేల మీదే కూర్చున్నాను.

చెప్పెయ్. నేను చెప్పాలనుకున్న మాట నువ్వే చెప్పెయ్. చాటుగా కాదు, ఆ యూనిఫాంలో బల్ల ముందు కూర్చున్నప్పుడు, అందరూ వింటుండగా చెప్పు. నాకిక ముద్దూ ముచ్చటా ఏమీ అక్కర్లేదు. కాన్పు సెప్టెంబరులో. ఆ వేళకి ఆయన ఇంట్లో ఉండాలి. నాకింకే కోరికా లేదు. ఆ పూట నా చెయ్యి పట్టుకోవడానికి మంత్రిత్వ శాఖ రాదు.

బావగారికీ చెప్పు. మా ఇంట్లో పట్టుబడడం నామోషీ కాదు. కారని మూల ఒకటుంది, అక్కడ మంచం వేస్తాను.

ఎల్విరా

*

పుయెర్తో గాలిందో
జూన్ 30

నా బంగారు ఎల్విరా,

నీ ఉత్తరం నిన్న మధ్యాహ్నం భోజనాల వేళకి వచ్చింది. నిలబడే చదివి, నిలబడే చెప్పాను. "మరిదీ, నీ పెళ్ళానికి ఆరో నెల దాటింది. మార్చిలోనే చెప్పేది. నువ్వు కాఫీకి ఆగావు."

చెంచా కింద పెట్టాడు. లేచి నది ఒడ్డుకి పోయి, బూట్లతోనే నీళ్ళలోకి నడిచాడు. పీకల్లోతు వచ్చాక గుర్తొచ్చినట్టుంది, ఈత రాదని. పడవలవాడికి ఈత రాదని నువ్వెప్పుడూ చెప్పలేదేమే? మా సిపాయిలు ఎత్తుకొచ్చారు. రాత్రంతా మీ ఒడ్డున దీపం కేసి చూస్తూ కూర్చుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. దిమ్మెలు మోస్తోందా, ఆ ఒక్క మాటే పదిసార్లు అడిగాడు.

మీ బావగారు మంచం మీంచి అదంతా విన్నారు. తెల్లారేసరికి తన పెట్టె తనే సర్దుకుని కూర్చున్నారు. "నాకు నామోషీ ఏమిటి హెర్మీనియా, పిల్లాడి కంటే ఎక్కువా" అన్నారు. పాతికేళ్ళకి మళ్ళీ ఆయన మీద ప్రేమ పుట్టింది నాకు.

కానీ పట్టుబడడం కూడా అంత తేలిక కాదు. లిసాంద్రో ఎన్ని రోజులు చెరలో ఉన్నాడో మీ బావగారూ అన్ని రోజులూ ఉండాలని మీవాళ్ళు పట్టుబట్టారు. మావాళ్ళు బేరమాడి ముప్ఫైకి దించారు, అవి నిండాకే మార్పిడి. జూలై ఇరవై నాలుగు, పొద్దున పదింటికి మీ రేవులో దిగుతారు. మీ సిపాయిలు పట్టుకోవాలి, ఈయన కాసేపు పెనుగులాడాలి. నడుం నొప్పి ఉంది, ఎడమచెయ్యి మెలిపెట్టవద్దని చెప్పు. మిరపకాయ పడదు. నల్ల చిక్కుళ్ళు రాత్రిపూట వద్దు. పడుకునే ముందు కాళ్ళకి వేడినీళ్ళు కావాలంటారు, ఇవ్వకపోయినా ఏం కాదు.

నాకు కోపం రాలేదు, ఉప్పు సంగతికి. కొంచెం వచ్చింది, పోయింది.

హెర్మీనియా

*

పుయెర్తో గాలిందో
ఆగస్టు 26

ఎల్విరా,

మొన్న మార్పిడి నా కిటికీలోంచే చూశాను. రెండు పడవలూ పక్కపక్కనే దాటుతుంటే ఇద్దరు కర్నళ్ళూ సెల్యూట్ చేసుకుని ఏడవడం చూసి ఫోటో తీసేవాడు కూడా ముక్కు చీదాడు.

మీ బావగారు రాగానే జనరల్ని చేశారు. ఇప్పుడు మాకు నలభై ఇద్దరు జనరళ్ళు, కర్నలు ఒక్కడూ లేడు. ఆయనకి అదేమీ పట్టడం లేదు. "ఎల్విరా మొక్కజొన్న రొట్టె ఇలా కాల్చదు. ఎల్విరా ఇంట్లో నేనే ఉల్లిపాయలు తరిగేవాణ్ణి" అంటూ ఇల్లంతా తిరుగుతున్నారు. మీ కప్పు ఎక్కి పెంకులు సర్దారటగా. ఇక్కడ మేకు కొట్టమంటే సిపాయిని పిలుస్తారు.

ఒడ్డుకొచ్చి నిన్ను పిలుద్దామని పోయాను. యుద్ధం అయిపోయింది కదా అనుకున్నాను. కాలేదట. సంతకాలు అయితే అయ్యాయి, కానీ రెండు చట్టసభలూ ఒప్పుకుని, ఆ పత్రాలు ఒకరికొకరు ఇచ్చుకున్న రోజు నుంచే శాంతి అమల్లోకి వస్తుందట. అది అక్టోబరు ఇరవై. అంతదాకా చట్టం ప్రకారం మనం శత్రువులమే. ఇక్కడి సిపాయి నీ సిపాయి కంటే మర్యాదస్తుడు, క్షమాపణ చెప్పి మరీ నా నోరు మూయించాడు.

ఇల్లు బోసిపోయింది. అయిదు నెలలు బల్ల దగ్గర లిసాంద్రో ఉండేవాడు, ఇప్పుడు ఇద్దరమే ఒకరి పళ్ళెం ఒకరు చూసుకుంటున్నాం. పిల్ల పుట్టగానే రాయి. ఆడపిల్లే పుడుతుంది, నాకు తెలుసు.

హెర్మీనియా

*

సాన్ ఎలోయ్
సెప్టెంబరు 22

అక్కా,

ఆడపిల్లే. పదకొండో తారీఖు మధ్యాహ్నం. ఆయన పక్కనే ఉన్నారు, నా చెయ్యి పట్టుకున్నారు, నేను నొక్కిన నొక్కుకి వేలు బెణికి ఇంకా కట్టుతో తిరుగుతున్నారు. నల్లటి జుట్టు, నీ ముక్కు. పేరు సలోమే. నేనింత సంతోషంగా ఎప్పుడూ లేను. ఆ సంతోషం పది రోజులు.

నిన్న సెపుల్వెదా వచ్చాడు. మళ్ళీ కళ్ళజోడు తుడుచుకున్నాడు. శాంతి అమల్లోకి వచ్చిన రోజున, అంటే అక్టోబరు ఇరవైన, కర్నలు లిసాంద్రో గారు కొండప్రాంతపు దండుకి నాయకుడిగా చేరాలని ఉత్తర్వు. నాలుగేళ్ళు. అక్కడ కుటుంబాన్ని ఉంచనివ్వరు.

"నేను ఐసు అమ్ముకునేవాణ్ణండీ" అన్నారు ఈయన.

"ఆ మాట ఇంకెక్కడా అనకండి" అన్నాడు సెపుల్వెదా. నిజంగా భయపడ్డాడు పాపం. "మీరు కర్నలు కాకపోతే ఐసువాణ్ణి ఇచ్చి కర్నల్ని తీసుకున్నారని అవతలివాళ్ళ మీద పడుతుంది. అప్పుడు మార్పిడి చెల్లదు. తొమ్మిదో అధికరణం చెల్లకపోతే ఒప్పందమే చెల్లదు. మళ్ళీ యుద్ధం. రెండు దేశాల శాంతీ మీరు కర్నలుగా ఉండడం మీదే నిలబడి ఉంది."

అని, పాపాయి చేతిలో ఒక నాణెం పెట్టి వెళ్ళిపోయాడు. ఈయన యూనిఫాం తీసి ముందేసుకుని కూర్చున్నారు. నా వల్ల మళ్ళీ యుద్ధం రాకూడదు, పోతానంటారు. నేను పోనివ్వను. యుద్ధమూ రాకూడదు, ఈయనా పోకూడదు. బాలింతనని చూడకుండా తెల్లవార్లూ ఒప్పందం ముందేసుకుని నలభై ఒక్క అధికరణాలూ చదివాను. పిల్ల పాలు తాగుతుంటే ఒక చేత్తో పేజీలు తిప్పాను.

సంతకాల తరవాత, శాంతి రాకముందు, మధ్యలో పట్టుబడ్డ ఖైదీల సంగతి ఎక్కడా ఒక్క ముక్క లేదు. ఆ రోజుల్లో పట్టుబడ్డ కర్నలు కర్నలే, కాబట్టి పాత మార్పిడికి ఏ లోటూ లేదు. కానీ అతణ్ణి విడిపించాలంటే ఇంకో ఒప్పందం కావాలి, మీ వైపు నుంచి ఇంకో కర్నలు కావాలి. మీకు కర్నలే మిగల్లేదని నువ్వే రాశావు. మావాళ్ళకి ఇంకో ఖైదీ దొరికి, నిచ్చెనలు వేసి, కుర్చీలు కొలుచుకుని, అది తేలేసరికి కొన్నేళ్ళు పడుతుంది. ఈలోగా నా కూతురు నడక నేర్చుకుంటుంది, పరిగెత్తుతుంది, నాన్న ఎవరో దానికి తెలుస్తుంది.

ఈ ఉత్తరం నీకు అక్టోబరు పన్నెండుకి చేరుతుంది. యుద్ధం ఇంకా ఎనిమిది రోజులు మిగిలి ఉంటుంది. పదిహేనో తారీఖు పొద్దున పదింటికి ముగ్గురం పడవలో మీ రేవుకి వస్తాం, మంచు ఉండదు, ఉయ్యాల ఉంటుంది. పట్టుకోమని బావగారికి చెప్పు. సిపాయిలందర్నీ తేనక్కర్లేదు, ఒక్కడు చాలు. ఈయన పెనుగులాడరు, వేలు నొప్పిగా ఉంది. ఆ వేళకి పిల్లకి పాలవేళ అవుతుంది, గుక్కపెట్టి ఏడుస్తుంది. ఆ ఏడుపుకి బెదిరి ఎవరూ తుపాకి ఎత్తవద్దని ముందే చెప్పి ఉంచు.

ఎల్విరా